శవం లేవకూడదు

అమ్మాయిల హాస్టల్, కిటికీ పక్క మంచం
బుధవారం

అత్తా,

ఇవాళ మళ్లీ చచ్చిపోయాను. కంగారు పడకు, ఇది తొమ్మిదోసారి. మొదట మెట్ల మీద నుంచి పడి పోయాను, తర్వాత విషం తాగి, ఓసారి కరెంటు షాకు కొట్టి. మిగిలినవి గుర్తు లేవు. ఇవాళ్టిది ముఖం మీద దిండు నొక్కి చంపడం. ఆ దిండు ఉతికి ఎన్నాళ్లయిందో గాని, నిజంగానే ప్రాణం పోయినంత పనయింది.

మా అమ్మాయి క్రిమినాలజీ చదువుతోంది, హంతకుల వెంట పరుగెడుతుంది అని నాన్న కనపడినవాళ్లందరికీ చెబుతున్నాడట. నీకైనా నిజం చెప్పాలి. మా కాలేజీ కింది అంతస్తులో ఒక గది ఉంది. మంచం, బల్ల, బీరువా, అద్దం పెట్టి ఎవరో కాపురం ఉంటున్నట్టు సర్దారు. ప్రాక్టికల్స్ రోజు అక్కడ ఏదో నేరం జరిగినట్టు అమరుస్తారు. ఐదుగురి టీము లోపలికెళ్లి నలభై నిమిషాల్లో ఆధారాలు వెతికి, కొలతలు తీసి, రిపోర్టు రాయాలి. ఐదుగురిలో ఒకడు లీడరు, ముగ్గురు సహాయకులు, ఒకరు శవం. క్లాసులో ముప్ఫై ఐదు మందిమి, అందులో అమ్మాయిలం ఏడుగురం. టీముకో అమ్మాయి చొప్పున పంచారు. ఎందుకంటే శవంగా అమ్మాయే పడుకోవాలని నియమం. ఇక లీడరు ఎవరవుతారో నువ్వే లెక్క కట్టుకో.

శవం లేవకూడదు. మాట్లాడకూడదు. తుమ్ము వచ్చినా మింగేయాలి. నలభై నిమిషాలు కుక్కిన పేనులా పడి ఉంటాను. కళ్లు మాత్రం తెరిచే ఉంచుతాను, చచ్చినవాళ్లు కళ్లు మూసుకోవాలని ఎక్కడా రాసి లేదు. నేల మీద నుంచి చూస్తే అది వేరే గది అత్తా. బల్ల అడుగున అంటించిన కాగితం కనపడుతుంది, బీరువా కిందకి దొర్లిన గాజుముక్క కనపడుతుంది. మా లీడరు ఒకడున్నాడు, అందరూ కెప్టెన్ అంటారు. కాలిముద్రలు వెతుకుతూ కాలిముద్ర మీదే నిలబడ్డాడు. నాకు చెప్పాలని నాలుక దురద. చెప్పకూడదు కదా, చచ్చిపోయాను కదా.

ఇందులో నవ్వులాట కాని సంగతి ఒకటుంది. నేరస్థలాలు పరీక్షించే విభాగం వాళ్లు మా కాలేజీ నుంచి ఇద్దరిని ట్రెయినింగుకు తీసుకుంటారు, రెండేళ్లకోసారి. ఈ ఏడాది చివర తీసుకుంటారు. అప్పటికి లీడర్ల రిజిస్టరులో మన పేరు మూడుసార్లు పడి ఉండాలి. కెప్టెన్ పేరు ఐదుసార్లు ఉంది. నా పేరు ఒక్కసారి కూడా లేదు, ఆ రిజిస్టరు మొదలైన నాటి నుంచి ఏ అమ్మాయి పేరూ లేదు. ఆ ట్రెయినింగు నాకు కావాలి అత్తా. ఇంత గట్టిగా నేను దేన్నీ కోరుకోలేదు. నువ్వు లా చదవమన్నా వినకుండా ఇక్కడికి వచ్చింది దీని కోసమే.

ప్రాక్టికల్స్ సారుని అడిగాను. "నియమం అమ్మా, నేను పెట్టింది కాదు," అన్నాడు. కాలు కాలిన పిల్లిలా వరండాలో తిరుగుతున్నాను. ఏం చెయ్యమంటావు?

నీ పిడుగు

*

ఇల్లు, వంటింటి బల్ల
ఆదివారం

పిడుగూ,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసినందుకు ముందు నీకు మార్కులు. నా ఎడమ చెవి పూర్తిగా సెలవు పెట్టింది. ఫోన్లో సగం మాటలు వినపడవు, మిగతా సగం నేనే కల్పించుకుంటాను. పోయిన నెల మీ నాన్న ఒంట్లో నలతగా ఉందంటే, ఇంట్లో నలుగురున్నారు అనుకుని ఎవరొచ్చార్రా అని అడిగాను.

తొమ్మిది చావులూ చదివి నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. నువ్వు చిన్నప్పుడు పిండిమర పక్కన పోయిన చెప్పు కోసం వీధి వీధంతా వెతికి, దొంగ కుక్కని పట్టుకుని దాన్ని నిలదీసిన మనిషివి. నిన్ను కదలకుండా పడుకోమనడం ఎంత శిక్షో నాకు తెలుసు.

కాని తొందరపడకు. ఒంటికాలి మీద లేస్తే ఆ సార్లు ఇంకా బిగుసుకుంటారు. మెల్లగా అడుగు. ఒక్క ప్రాక్టికల్‌కి అవకాశం ఇమ్మను, బాగా చేసి చూపించు, తర్వాత రెండోది అడుగు. పాత నియమాలు, పాత ఫైళ్లు తవ్వుతూ కూర్చుంటే ఏడాది గడిచిపోతుంది. దుమ్ము తప్ప ఏమీ రాదు. పాతికేళ్లకు పైగా ఆసుపత్రి రికార్డుల గదిలో పనిచేసినదాన్ని, నా మాట నమ్ము.

ఈలోగా పడుకోక తప్పదు గనక, ఆ గదిలో మంచం పక్కన నేలలో మూడో రాతిపలక మీద తల పెట్టకు. అది ఊగుతుంది, మెడ పట్టేస్తుంది. కాస్త ఇవతలికి జరిగి పడుకో. చలి మొదలవుతోంది, నేల మీద ఉత్త చొక్కాతో పడుకుని జలుబు తెచ్చుకోకు.

అత్త

*

హాస్టల్, అదే మంచం
శుక్రవారం

అత్తా,

మెల్లగా అడిగి చూశాను. నువ్వు చెప్పినట్టే "ఒక్కసారి సార్" అన్నాను. ఆయన నా వంక చూడకుండా పెన్ను మూత పెట్టుకుంటూ, "శవంగా బాగా చేస్తున్నావు, అందరూ నీలా పడుకోలేరు," అన్నాడు. మెచ్చుకున్నాననే అనుకుంటున్నాడు పాపం. గది బయటికొచ్చి గోడని ఒక గుద్దు గుద్దాను. గోడకేం కాలేదు, చిటికెన వేలు వాచింది. అక్షరాలు వంకరగా ఉంటే అదీ కారణం.

అందుకని మెల్లగా అడగడం మానేశాను. ఏడుగురం కలిసి అర్జీ రాశాం. అందరూ సంతకం పెట్టారు, ఒకమ్మాయి తప్ప. "నాకు ట్రెయినింగూ వద్దు, ఈ గొడవా వద్దు, పడుకుంటే చాలు మార్కులొస్తున్నాయి," అంది. ఆమె మీద కోపం వచ్చింది. తర్వాత పోయింది. ఆమె రోజూ రెండు బస్సులు మారి వస్తుంది. పడుకునే నలభై నిమిషాలు ఆమెకు విశ్రాంతి.

అర్జీ తీసుకెళ్తే ప్రాక్టికల్స్ సారు చాలా ఓపిగ్గా చదివాడు. చదివి, నవ్వి, ఏం చెప్పాడో తెలుసా? "ఈ నియమం ముప్ఫై ఒక్క ఏళ్ల నాటిది. రాసింది మగవాళ్లు కాదు, ఇక్కడ పనిచేసిన ఒక ఆడమనిషే. ఆడపిల్లల మంచి కోసమే రాసింది. ఆవిడ కంటే మీకు ఎక్కువ తెలుసా?" అన్నాడు. నా గాలి మొత్తం తీసేశాడు. మిగతావాళ్లు నా మొహం చూశారు. నేను ఏదో ఒకటి అనాలి కాబట్టి, ఆ కాగితం చూపించండి అన్నాను. వచ్చే మంగళవారం ఆఫీసు గదిలో తన ముందే కూర్చుని చూసుకోమన్నాడు.

ఆ మనిషి ఎవరో తెలిస్తే బాగుణ్ణు అత్తా. తోటి ఆడపిల్లలని నేల మీద పడుకోబెట్టి పైగా మంచి చేశాననుకున్న మనిషి. ఆవిడకి ఓ ఉత్తరం రాయాలని ఉంది, మర్యాద లేకుండా.

ఇంకో మాట. మూడో పలక ఊగుతుందని నీకెలా తెలుసు? నా ఉత్తరాలకి నకళ్లు నా దగ్గరే ఉన్నాయి, మా చదువు నేర్పిన అలవాటు. అన్నీ తిరగేశాను. పలక సంగతి నేనెప్పుడూ రాయలేదు.

నీ పిడుగు

*

ఇల్లు
మంగళవారం పొద్దున

పిడుగూ,

వేలికి వేడినీళ్ల కాపడం పెట్టు. గోడలని గుద్దే మనిషికి చేతికి కట్టుకునే గుడ్డ ఒకటి పంపిస్తున్నాను.

పాత కట్టడం అన్నాక ఏదో ఒక పలక ఊగుతుంది. మూడోది అని ఊరికే అన్నాను. ప్రతిదానికీ ఆధారం వెతికితే ఎలా? మా రికార్డుల గదిలోనూ ఒకటి ఊగేది.

ఇక్కడ పెరటి కుళాయి మళ్లీ కారుతోంది. మరమ్మతు చేసేవాడు రేపు వస్తానని వారం నుంచి చెబుతున్నాడు. పక్కింటివాళ్లు మేడ మీద గది కడుతున్నారు, ఒక చెవి పనిచెయ్యకపోవడం ఇన్నాళ్లకి లాభించింది.

ఈ ఉత్తరం అందేసరికి ఆ ఫైలు చూసేసి ఉంటావేమో. చూడకపోతే, చూడవద్దు. నా మాట విను. ఈ ఒక్క ట్రెయినింగు పోతే ఏం పోతుంది? ఇంకొకటి వస్తుంది. వయసు చాలా ఉంది. ఆ కాగితంలో నీకు పనికొచ్చేది ఏమీ ఉండదు. ఆవిడ ఎవరో గాని, ఆవిడ కారణాలు ఆవిడకు ఉండి ఉంటాయి.

స్వెట్టరు కొనుక్కున్నావా? రంగు రాయి.

అత్త

*

కాలేజీ లైబ్రరీ
గురువారం

అత్తయ్య గారికి,

నమస్కారాలు. మంగళవారం ఫైలు చూశాను. రాతల్ని ఎలా పోల్చాలో ఈ ఏడాదే పాఠం చెప్పారు కాబట్టి, చూసింది ఆ పద్ధతిలోనే రాస్తున్నాను. మరో పద్ధతిలో రాయడానికి ఇప్పుడు నాకు చేతకావడం లేదు.

చూసిన కాగితం: ఒకటి, చేత్తో రాసినది, ముప్ఫై ఒక్క ఏళ్ల నాటిది. నీలం సిరా. శవంగా విద్యార్థినిని పడుకోబెట్టాలని, పరీక్ష ముగిసేదాకా ఆమె గదిలోనే ఉండాలని, లేవడంగాని మాట్లాడటంగాని చేయకూడదని అందులో ఉంది. సంతకం లేదు.

దానితో పోల్చినవి: మీరు నాకు రాసిన పదహారు ఉత్తరాలు.

తలకట్లు అక్షరానికి తగలకుండా పైన విడిగా వేలాడుతున్నాయి. రెండింటిలోనూ. వాక్యం చివర చుక్క పెట్టవలసిన చోట చిన్న అడ్డగీత ఉంది. రెండింటిలోనూ. పంక్తి చివరికి వచ్చేసరికి అక్షరాలు మెట్లెక్కుతున్నట్టు పైకి పోతున్నాయి. ఇంకా ఆరు పోలికలు ఉన్నాయి, అవసరమైతే రాసి పంపుతాను. అవసరం ఉండదనుకుంటాను.

సారు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. నేను ఏమీ మాట్లాడలేదు. శవంగా చేసిన సాధన పనికొచ్చింది.

చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించింది మీరు. అందుకే మొదటి పంక్తి చదవకముందే గుర్తుపట్టాను. ఆ కాగితం నా ఫ్రెండ్సుకి చూపిస్తే ఆవిడ మా అత్త అని నేను ఎలా చెప్పాలో మీరే నేర్పాలి.

ఒక సంగతి మాత్రం అర్థం కాలేదు. కాగితం పై మూలన గుండుసూది గుచ్చిన రెండు చిల్లులు, వాటి చుట్టూ తుప్పు మరక ఉన్నాయి. ఒక్క కాగితానికి ఎవరూ గుండుసూది గుచ్చరు. రెండో కాగితం ఉండేది. అందులో ఏముందో, దాన్ని ఎవరు తీశారో చెప్పగలరా? ఇది తప్ప నేను అడిగేది ఏమీ లేదు.

ఇట్లు,
మీ తమ్ముడి కూతురు

*

ఇల్లు, వంటింటి బల్ల
సోమవారం

పిడుగూ,

మీరు అని రాశావు. ఆ మాట దగ్గర ఆగిపోయి, స్టవ్ మీద పాలు పొంగిపోయినా లేవలేదు. నువ్వు అడిగింది చెబుతాను. నువ్వు ఆ కాలేజీలో చేరుతున్నానన్న రోజునే చెప్పవలసింది. చెప్పడానికి సిగ్గేసి లా చదవమన్నాను.

ఆసుపత్రికి ముందు, ఆ కాలేజీలో రెండేళ్లు డెమాన్‌స్ట్రేటరుగా పనిచేశాను. ఆ గది సర్దడమే నా ఉద్యోగం. ఇంట్లో ఏదో ఆఫీసులో గుమస్తానని చెప్పాను. నేరాలు, శవాలు అంటే మా నాన్న గడప దాటనిచ్చేవాడు కాదు. మీ నాన్నకి ఇప్పటికీ తెలియదు.

నేను చేరిన ఏడాదే ఆ చదువులోకి మొదటిసారి నలుగురు ఆడపిల్లలు వచ్చారు. పాఠాలకి కూర్చోనిచ్చేవారు. ప్రాక్టికల్స్ గంట కొట్టగానే లైబ్రరీకి పంపేసేవారు. అప్పటి పెద్దసారు, ఆడపిల్లలు ఆ గదిలోకి వస్తే జడుసుకుంటారు, తల్లిదండ్రులకి ఎవడు జవాబు చెబుతాడు అనేవాడు. నేను ఆ గదిలో రోజంతా ఉంటున్నానని ఆయనకి తోచేది కాదు. నన్ను బీరువా, బల్లతో పాటు లెక్కేసుకున్నట్టున్నాడు.

అప్పట్లో శవం అంటే పీచు కుక్కిన బొమ్మ. ఒకరోజు దాని కుట్లు ఊడి గదంతా పీచు. కొత్త బొమ్మ కొనడానికి ఆయన నెలల తరబడి తాత్సారం చేశాడు. అదే అదను అనుకున్నాను. బొమ్మ బదులు ఆడపిల్లని పడుకోబెట్టండి, లేవదు, మాట్లాడదు, ఎవరికీ అడ్డు రాదు అని రాసిచ్చాను. ఏదో ఒక దొడ్డిదారిన గదిలోకి వెళ్తే చాలు, కళ్లు ఉన్నాయి కదా, చూసి నేర్చుకుంటారు అనుకున్నాను. అది నువ్వు చూసిన పేజీ.

రెండో పేజీలో, ఈ ఏర్పాటు ఈ ఒక్క ఏడాదికేనని రాశాను. వచ్చే ఏడాది నుంచి ఆడా మగా అందరూ వంతుల ప్రకారం శవంగా పడుకోవాలి, వంతుల ప్రకారం లీడర్లు కావాలి అని. కింద సంతకం చేశాను. ఆయన రెండో పేజీ తిప్పకుండానే సరే అన్నాడు.

ఏడాది చివర పరీక్ష జరిగింది. ఆ రోజు గది సర్దింది నేనే. మంచం కోడు వెనక నల్ల బొత్తాం ఒకటి పెట్టాను. శవంగా పడుకున్న పిల్లని మేం కళ్లజోడు అని పిలిచేవాళ్లం. అద్దాలు తీసి పక్కన పెట్టి పడుకుంది. మగపిల్లలు గదంతా వెతికి, ఇంకేమీ లేదని రాసేశారు. అప్పుడు ఆ పిల్ల లేచి కూర్చుని, "మంచం కోడు వెనక బొత్తాం ఉంది సార్," అంది.

పెద్దసారు నన్ను తన గదికి పిలిచాడు. శవం లేచి క్రమశిక్షణ తప్పింది అని రాసి సంతకం పెట్టు, ఆ రెండో పేజీ కూడా తీసెయ్, లేకపోతే మిగతా ముగ్గురూ రేపట్నుంచి మళ్లీ లైబ్రరీకే అన్నాడు. నేను సంతకం పెట్టాను. ముగ్గురి కోసం ఒకరిని వదులుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. ఉద్యోగం పోతుందని భయం వేసింది, అది మిగతా సగం. బొత్తాం పెట్టింది నేనే పిడుగూ. ఆ పిల్ల చెప్పింది నిజమని ఆ గదిలో అందరికంటే నాకే బాగా తెలుసు.

ఆ పిల్లని ఫెయిల్ చేశారు. చదువు మానేసి వెళ్లిపోయింది. వెళ్లే రోజు వరండాలో ఎదురుపడితే, నన్ను పలకరిస్తుందని భయపడి తల దించుకున్నాను. ఆరు నెలలు తేలు కుట్టిన దొంగలా ఆ గదిలో తిరిగి, నేనూ మానేశాను.

గుండుసూది తీసింది ఎవరని అడిగావు. నేనే తీశాను. ఆ పేజీ చింపేయమన్నాడు, చింపలేదు. బొత్తాంతో పాటు ఒక రేకు డబ్బాలో పెట్టుకున్నాను. పేజీ ఇందులో పెట్టి పంపిస్తున్నాను. పైమూలన తుప్పు మరక చూసుకో. నీ ఇష్టం వచ్చినట్టు వాడుకో, నా పేరు దాచనక్కర్లేదు.

నువ్వు మర్యాద లేకుండా రాయాలనుకున్న ఉత్తరం రాయి. చదువుతాను.

అత్త

*

హాస్టల్ మెట్లు
శనివారం

అత్తా,

మర్యాద లేని ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టాను. రెండూ సగంలో ఆగిపోయాయి. కోపం పోయిందని కాదు. ఉంది. కళ్లజోడు అనే ఆవిడని తలుచుకున్నప్పుడల్లా లేచి నిలబడాలనిపిస్తోంది, ఇది రాస్తూ నాలుగుసార్లు మెట్లు దిగి ఎక్కాను. కాని నీకు కాక ఇంకెవరికి రాస్తాను?

రెండో పేజీని ప్రిన్సిపాల్ గారి గదిలో, మా అర్జీ మీద వేసిన కమిటీ ముందు పెట్టాను. ప్రాక్టికల్స్ సారు, ఇది ఎవరైనా నిన్న రాసి తేవచ్చు అన్నాడు. నేను మొదటి పేజీ తెప్పించమన్నాను. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకి పట్టుకున్నాను. చిల్లుల్లో చిల్లులు కూర్చున్నాయి, మరక మీద మరక కూర్చుంది. ప్రిన్సిపాల్ మేడమ్ తన కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, "ముప్ఫై ఏళ్లుగా మనం సగం నియమాన్ని పాటిస్తున్నామన్నమాట," అంది. ఈ రాత మా అత్తది అని చెప్పాను.

వంతులు వచ్చాయి అత్తా. ఇక అమ్మాయిలూ అబ్బాయిలూ అందరూ పడుకోవాలి, అందరూ లీడ్ చెయ్యాలి. ఇన్నాళ్లూ అవకాశం రాని వాళ్లకి ముందు వంతు. ఎంపికకి ముందు మా టీముకి మిగిలినవి మూడు ప్రాక్టికల్స్, మూడిటికీ లీడరు నేనే, నాకు కావలసినవీ మూడే. ఒక్కటి తప్పినా అంతే. మా టీము అబ్బాయిలు ఎవరు ఎప్పుడు చచ్చిపోవాలో చీట్లు వేసుకున్నారు. కెప్టెన్‌కి మూడోది వచ్చింది. పొద్దున్నుంచి మొహం మాడ్చుకుని తిరుగుతున్నాడు. సంతకం పెట్టని అమ్మాయి కూడా లీడరుగా పేరిచ్చింది.

కళ్లజోడు ఎక్కడుందో నీకు తెలుసా? దాటేయకుండా చెప్పు.

నీ పిడుగు

*

హాస్టల్, కిటికీ పక్క మంచం
శుక్రవారం

అత్తా,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను, ఆగలేను.

మొదటి రెండూ బాగా జరిగాయి. రిజిస్టరులో నా పేరు రెండుసార్లు పడింది. అమ్మాయి పేరు పడటం అదే మొదలు, అటెండరు కూడా వచ్చి చూసిపోయాడు. ఇవాళ మూడోది.

కెప్టెన్ పడుకున్నాడు. మూడో పలక సంగతి నేను చెప్పలేదు, అంత మంచిదాన్ని కాదు. నేను గది మొత్తం వెతికాను. కిటికీ, బల్ల, తలుపు గొళ్లెం, మంచం కోళ్ల వెనక కూడా చూశాను, నీ బొత్తాం గుర్తొచ్చి. ముప్ఫై ఎనిమిది నిమిషాలకి, గది అయిపోయింది, రాసుకోండి అన్నాను. అప్పుడు కెప్టెన్ మెడ పట్టుకుని లేచి కూర్చున్నాడు. "అదేంటి, బీరువా కింద తాళంచెవి ఉంది కదా, ఎవరికీ కనపడలేదా? నాకు మొదటి నుంచీ కనపడుతోంది," అన్నాడు.

ఉంది. బీరువా కింద, గోడ వైపు. నేలకి చెంప ఆనిస్తే తప్ప కనపడదు. తొమ్మిది చావులు చచ్చి, కింది నుంచే అన్నీ కనపడతాయని నీకు గొప్పలు రాసినదాన్ని. నిలబడిన మూడు ప్రాక్టికల్స్‌లోనే నేను కూడా వంగి చూడటం మర్చిపోయాను.

సారు వెంటనే రిజిస్టరు నా ముందుకి జరిపాడు. "శవం లేవకూడదు. క్రమశిక్షణ తప్పాడని రాసి సంతకం పెట్టు. వాడికి రెండు మార్కులు పోతాయి, నీ లైను నీకు దక్కుతుంది. లేకపోతే ఈ ప్రాక్టికల్ చెల్లదు," అన్నాడు. కోపంగా అనలేదు అత్తా, అదే బాధ. నాకు సాయం చేస్తున్నట్టే అన్నాడు. పెన్ను మూత కూడా తనే తీసి ఇచ్చాడు.

నీకూ ఎవరో ఇలాగే పెన్ను అందించి ఉంటారు. ఆ క్షణంలో నీ మీద కోపం ఎటు పోయిందో తెలియదు, సంతకం పెట్టేయడం ఎంత సులువో నాకు తెలిసిపోయింది. చెయ్యి దాదాపు కదిలింది. చివరికి ఇలా రాశాను: బీరువా కింద తాళంచెవిని కనిపెట్టింది శవంగా పడుకున్న విద్యార్థి. నేను చూడలేదు. దాని కింద సంతకం పెట్టాను.

లైను కొట్టేశారు. ట్రెయినింగుకు కెప్టెన్, ఇంకో అబ్బాయి వెళ్తున్నారు. మళ్లీ తీసుకునేది రెండేళ్లకి, అప్పటికి నేను కాలేజీలో ఉండను, బయటి నుంచి పరీక్ష రాసి రావాలి. రాస్తాను. కాని ఇవాళ మాత్రం హాస్టల్‌కి వచ్చి గట్టిగా ఏడ్చాను. ఇప్పుడూ ఏడుస్తూనే రాస్తున్నాను, సిరా అలుక్కుపోతే అందుకే.

కెప్టెన్ మెట్ల దాకా వెనకే వచ్చాడు. "పెట్టేయకపోయావా, రెండు మార్కులేగా," అన్నాడు. నీ మెడ ఎలా ఉందని అడిగాను. చుక్కలు కనపడుతున్నాయి అన్నాడు. అందరూ వెళ్లిపోయాక ఆ పలక కింద కాగితం మడిచి పెట్టి వచ్చాను. వచ్చేవారం మొదటి సంవత్సరం పిల్లలు పడుకుంటారు.

నీ పిడుగు

*

ఇల్లు, గేటు దగ్గర
ఆదివారం

పిడుగూ,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి, మొదటిది దారిలో ఎక్కడో ఆగినట్టుంది. రెండోది నిలబడే చదివాను. సంతోషం వేసిందని రాస్తే నీకు కోపం వస్తుంది, నీ ట్రెయినింగు పోయిందని నాకూ బాధగానే ఉంది. కాని నువ్వు ఆ రిజిస్టరులో రాసిన రెండు వాక్యాలు నేను ముప్ఫై ఒక్క ఏళ్ల కింద రాయవలసినవి. నీ అంత వయసు కూడా లేని పిల్ల కోసం రాయవలసినవి.

ఇన్నాళ్లూ తొందరపడకు, మెల్లగా అడుగు, పాత ఫైళ్లు తవ్వకు అని నీకు నేను రాసినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

కళ్లజోడు ఎక్కడుందని అడిగావు. దాటేయను. పన్నెండేళ్ల కింద ఒకరోజు మా ఆసుపత్రి కిటికీ దగ్గరికి వచ్చింది, వాళ్లమ్మ సర్టిఫికెట్ కోసం. ఆ కళ్లజోడే, అద్దాలు ఇంకాస్త మందం. నేను పక్క గుమస్తాని కిటికీ దగ్గరికి పంపి, అలమరల వెనక కూర్చున్నాను. ఆమె వెళ్లిపోయేదాకా లేవలేదు. తర్వాత ఆమె నింపిన ఫారంలో నుంచి అడ్రసు రాసుకున్నాను. స్కూల్లో లెక్కలు చెబుతోందట. ఆ అడ్రసు రేకు డబ్బాలోనే ఉంది, పన్నెండేళ్లుగా.

పోయిన వారం బుధవారం ఆమెకి ఉత్తరం రాశాను. సాకులు ఏమీ రాయలేదు. రాసినవి మూడు మార్లు చింపేశాక నాలుగోదానిలో ఇంతే మిగిలింది: మంచం కోడు వెనక బొత్తాం పెట్టింది నేనే, నువ్వు చెప్పింది నిజం, నేను సంతకం పెట్టింది అబద్ధం. బొత్తాం కూడా కవరులో పెట్టాను. రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ప్రిన్సిపాల్ గారికీ ఒకటి రాశాను, ఆ పరీక్ష కాగితాలు తీయించండి, ఎవరి ముందైనా వచ్చి చెబుతాను అని. మీ నాన్నకి ఫోన్లో చెప్పాను. వాడు ఏమన్నాడో సగం వినపడలేదు, ఈసారి మిగతా సగం కల్పించుకోలేదు, మళ్లీ చెప్పమని అడిగాను.

ఆమె దగ్గర నుంచి జవాబు రాలేదు. ఇంటి అడ్రసు మారిందో, చదివి పక్కన పడేసిందో. రాకపోయినా ఆమె తప్పు లేదు. కాని నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. పోస్టతను పదకొండింటికి వస్తాడు, నేను పదింటి నుంచే గేటు దగ్గర ఉంటున్నాను. నిన్న అతను, "రోజూ ఇలా నిలబడుతున్నారేంటమ్మా, ఒక కుర్చీ వేసుకోవచ్చుగా," అన్నాడు. వద్దన్నాను.

అత్త